1.3 డీజిల్: పొద్దున్నే గలగల, ఘాట్‌లో పికప్ లేదు. టర్బో పోయిందంటున్నారు

గోదారిగట్టు
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. నాది 2013 మోడల్ 1.3 డీజిల్, 1,64,000 కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీ బండో చెప్పను. చెప్తే అసలు సంగతి పక్కకు పోయి బ్రాండ్ల గొడవ మొదలవుతుంది. ఇంజిన్ మాత్రం మీ అందరికీ తెలిసిన ఆ 1248 సీసీనే, 75 హార్స్ పవర్ రకం. నేను రెండో ఓనర్ని, కొని మూడేళ్లయింది.

సమస్యలు రెండు. పొద్దున్నే మొదటిసారి సెల్ఫ్ కొట్టగానే ఏసీ బెల్టు ఉన్న వైపు నుంచి రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగలమంటుంది. రెండు మూడు సెకన్లే, తర్వాత మామూలే. మధ్యాహ్నం ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే అసలు రాదు. నాలుగైదు నెలలుగా ఉంది, నేనే పట్టించుకోలేదు.

రెండోది కొత్తది. పోయిన ఆదివారం రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వెళ్లాం. మేం నలుగురం, మా అత్తగారు, డిక్కీ నిండా వంట సామాను. రంపచోడవరం దాకా బాగానే ఉంది. ఘాట్ మొదలయ్యాక రెండో గేర్లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి కదలనంటోంది. వెనక నల్లటి పొగ. మూడో మలుపు దగ్గర ఇంజిన్ లైట్ వెలిగింది. వెదురు లోడుతో ఉన్న లారీ ఒకటి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటి పోయింది. "దిగి నడుద్దామా బాబూ" అన్నారు మా అత్తగారు.

ఇక్కడి షెడ్డులో చూపించాను. టర్బో (ఇంజిన్లోకి గాలి ఊదే పంపు) పోయింది, మార్చాలంటే 38 వేలు అన్నాడు. గలగల సంగతి అడిగితే వాల్వుల్ని కదిపే టప్పెట్లు లూజయ్యాయి, సెట్టింగ్ చేస్తే పోతుందన్నాడు. డబ్బు కట్టే ముందు ఒకసారి మీ మాట విందామని.


కిర్రుచెప్పులు
శనివారం, రాత్రి 9:52

వెదురు లారీ ఓవర్‌టేక్ చేసిందా? ఆ బండిని అక్కడే అడవిలో వదిలేసి రావాల్సింది సార్. అత్తగారి ముందు పరువు పోయాక టర్బో ఎందుకు ఇంక.


షెడ్డుమాస్టారు
శనివారం, రాత్రి 10:15

గోదారిగట్టు గారూ, ముందు టప్పెట్ల సంగతి తేల్చేద్దాం. ఈ ఇంజిన్లో టప్పెట్ సెట్టింగ్ అనేదే లేదు. పదహారు వాల్వులు, పైన రెండు క్యామ్‌షాఫ్టులు, రాకర్ల కింద హైడ్రాలిక్ లిఫ్టర్లు. ఆయిల్ ప్రెషర్‌తో అవే గ్యాప్ సర్దుకుంటాయి. సెట్ చేయడానికి అక్కడ స్క్రూ ఉండదు, షిమ్ము ఉండదు. మరి ఆయన ఏం సెట్టింగ్ చేస్తాడో, దేనికి డబ్బు తీసుకుంటాడో నాకు అర్థం కాలేదు. పాత ఇంజిన్ల మీద చెయ్యి తిరిగినవాడై ఉంటాడు, తప్పు పట్టను. కానీ ఈ ఇంజిన్ ఆయనకు కొత్త.

టర్బో పోయిందని దేన్ని బట్టి చెప్పాడు? స్కానర్ పెట్టాడా? కోడ్ ఏమొచ్చింది? టర్బోకి వెళ్లే పైపు విప్పి షాఫ్టు చేత్తో తిప్పి చూశాడా? ఇవేవీ చేయకుండా చెప్పి ఉంటే అది అంచనా మాత్రమే.

మీకు నావి మూడు ప్రశ్నలు. ఆయిల్ ఎప్పుడు మార్చారు? ఏ ఆయిల్ పోశారు? ఇప్పుడు గేజి పుల్ల మీద ఎక్కడిదాకా ఉంది? ఈ మూడోదానికి జవాబు గుర్తు తెచ్చుకుని రాయొద్దు, వెళ్లి పుల్ల తీసి చూసి రాయండి.


గోదారిగట్టు
శనివారం, రాత్రి 10:48

మాస్టారూ, ఇప్పుడే ఫోన్ లైటుతో చూసొచ్చాను. బండి సాయంత్రం నుంచి కదల్లేదు, చదునుగానే ఉంది. మొదటిసారి పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి తీస్తే, కింది గీతకి ఇంకా కింద, చివర మొనకి మాత్రం నల్లగా అంటుకుంది. నమ్మకం లేక ఇంకోసారి చూశాను. అంతే. వేళ్ల మధ్య రుద్దితే చిక్కటి కాటుకలా ఉంది.

మార్చింది పోయిన ఏడాది దసరా ముందు. అప్పటి నుంచి 14,000 తిరిగింది. ఏ ఆయిల్ అంటే... షెడ్డులో డ్రమ్ములోంచి పట్టి పోశారు. అడగలేదు.

స్కానర్ పెట్టలేదు. రోడ్ మీద తిప్పి చూసి చెప్పేశాడు.


షెడ్డుమాస్టారు
శనివారం, రాత్రి 11:20

అయితే మీ గలగలకి సగం జవాబు ఆ పుల్ల మొన మీదే ఉంది.

వాల్వులు సరైన టైముకి తెరుచుకునేలా క్యామ్‌షాఫ్టులని తిప్పడానికి ఈ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు లేదు, చైనుంది. "చైన్ కాబట్టి జీవితకాలం మార్చక్కర్లేదు" అని అమ్మేటప్పుడు చెప్తారు. ఆ మాటలో ఒక షరతు ఉంది, అది చెప్పరు. ఈ చైన్ చాలా సన్నం, చూస్తే సైకిల్ చైనంత ఉంటుంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచేది హైడ్రాలిక్ టెన్షనర్. అంటే స్ప్రింగుతో పాటు ఇంజిన్ ఆయిల్ ప్రెషరే దాని లోపలి చిన్న పిస్టన్ను ముందుకు తోస్తుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ అంతా సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున ఉన్న తొట్టిలోకి దిగిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టాక మళ్లీ ప్రెషర్ వచ్చేదాకా చైన్ వదులుగా ఊగి గైడుకీ కవరుకీ కొట్టుకుంటుంది. మీకు వినిపించే గులకరాళ్లు అవే. వేడి మీద స్టార్ట్ చేస్తే ఆయిల్ ఇంకా పూర్తిగా దిగి ఉండదు, అందుకే చప్పుడు రాదు. మీరు ఈ తేడా గమనించి రాయడం మంచిదైంది.

ఇంకో లెక్క చూడండి. ఈ ఇంజిన్లో పట్టే ఆయిలే మూడు లీటర్ల పైచిలుకు. పెద్ద ఇంజిన్లో ఒక లీటరు తగ్గితే ఏదో నడుస్తుంది. ఇక్కడ ఒక లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టే. మిగిలిన రెండు లీటర్లే టర్బోని, చైన్‌ని, బేరింగులని అన్నిటినీ కాపాడాలి. పైగా డీజిల్ మసి అంతా ఆ రెండు లీటర్లలోనే కలవాలి. మసి కలిసిన ఆయిల్ చైన్ పిన్నుల మధ్య సానపట్టే ముద్దలా పనిచేస్తుంది. చైన్ "సాగింది" అంటారు గానీ ఇనుము సాగదు. ఒక్కో పిన్ను వెంట్రుకవాసి అరుగుతుంది, అన్ని లింకుల అరుగుదల కలిసి చైన్ పొడవు పెరుగుతుంది.

ఇది తేలిగ్గా తీసుకోవద్దు. చైన్ పళ్ల మీద జారితే వాల్వులు పిస్టన్లని కొట్టుకునే రకం ఇంజిన్ ఇది. అదృష్టం బాగుంటే రాకర్లు విరిగి వాల్వులు బతుకుతాయి. బాగోకపోతే హెడ్ మొత్తం.

రేపు పొద్దున స్టార్ట్ చేయకండి. ముందు సరైన ఆయిల్ పై గీత దాకా పోయండి, తర్వాతే సెల్ఫ్. సోమవారం పాతది పూర్తిగా వంచేసి ఫిల్టరుతో సహా మార్చండి.


అనంతయాత్ర
ఆదివారం, ఉదయం 6:35

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. మాది అనంతపురంలో చిన్న ట్రావెల్స్. ఈ ఇంజిన్ బండ్లు ఒకప్పుడు ఆరు ఉండేవి, ఇప్పుడు రెండు. ఒకటి 4,10,000 దాటింది, హెడ్ ఇంతవరకు దించలేదు. ఇంకోదానికి 1,90,000కే చైన్ తెగి ఇంజిన్ దించాల్సి వచ్చింది. ఒకే ఏడాది బండ్లు, ఒకే రోడ్లు. తేడా ఏంటంటే మొదటిదాని డ్రైవరు పెద్దాయన ప్రతి సోమవారం పుల్ల తీసి చూసి, చూసిన సంగతి నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. రెండోదాని డ్రైవరు అద్దాలు బాగా తుడిచేవాడు.

ఒక విషయంలో మాత్రం నాకో డౌటు. మేం ఎప్పుడూ లారీలకి పోసే 15డబ్ల్యూ-40 రకం ఆయిల్ వాడాం, చవక కదా. మన ఎండలకి చిక్కటిదే మంచిదంటారు. తప్పా?


షెడ్డుమాస్టారు
ఆదివారం, ఉదయం 8:05

తప్పే అంటాను అనంత గారూ. మీ 4,10,000 బండి బతికింది టైముకి మార్చినందువల్ల, 15డబ్ల్యూ వల్ల కాదు. ఎండలు మనకి రోడ్డు మీద. ఇంజిన్ లోపల ఎండాకాలం, చలికాలం రెండింటిలోనూ వేడెక్కాక దాదాపు ఒకటే ఉష్ణోగ్రత. తేడా అంతా పొద్దున్నే మొదటి మూడు సెకన్లలో. ముందు ఉన్న అంకె చిన్నదైతే చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ త్వరగా పారుతుంది. మన బండ్లకి పుస్తకంలో రాసింది 5డబ్ల్యూ-30. ఇదే ఇంజిన్‌కి ఫియట్ యూరప్‌లో 5డబ్ల్యూ-40 చెప్పింది. రెండింటిలోనూ ముందున్నది 5, గమనించండి. టెన్షనర్‌కి కావాల్సింది అదే.


శ్రావణమేఘం
ఆదివారం, ఉదయం 10:22

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. విశాఖలో నాకో 2012 రిట్జ్ డీజిల్ ఉంది. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు, 96,000 తిరిగింది. నాది కూడా మీరు మాట్లాడుకునే ఇంజినేనా? మా తమ్ముడు నీది సుజుకీ ఇంజిన్, ఆ గోలతో నీకేం సంబంధం అంటున్నాడు.


ఇటలీపిచ్చి
ఆదివారం, ఉదయం 11:40

శ్రావణమేఘం అక్కా, ఈ ప్రశ్న కోసమే నేను ఈ ఫోరంలో పుట్టాను. టీ పెట్టుకుని కూర్చోండి.

మీ రిట్జ్‌లో ఉన్నది ఫియట్ ఇంజిన్. సుజుకీ దానికి డీ13ఏ అని తన కోడ్ పెట్టుకుంది, బయట డీడీఐఎస్ అని రాసింది. టాటా వాళ్లు క్వాడ్రాజెట్ అన్నారు. ఒపెల్ వాళ్లు సీడీటీఐ. కన్నవాళ్లు పెట్టిన పేరు మల్టీజెట్. ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి పెట్టిన పవర్‌ట్రెయిన్ సంస్థ నుంచి 2003లో వచ్చింది. యూరప్‌కి పోలండ్‌లోని బీల్‌స్కో-బియావాలో తయారయ్యేది. 2005లో 1 నుంచి 1.4 లీటర్ల తరగతిలో ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ అవార్డు దీనిదే.

లెక్కలు కావాలంటే: సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 82. నాలుగు సిలిండర్లకి కలిపి 1248 సీసీ. బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. అన్ని హంగులతో కలిపి 130 కిలోల చిల్లర, అందుకే చిన్న కార్ల ముక్కులో ఇమిడిపోయింది. మన దగ్గర రెండు రకాలు. ఒకటి మామూలు టర్బోతో 75 పీఎస్ (అంటే హార్స్ పవరే), 190 న్యూటన్ మీటర్లు. రెండోది బ్లేడ్ల కోణం మారే వీజీటీ టర్బోతో 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు. ఎస్ఎక్స్4, ఎర్టిగా, సియాజ్, బ్రెజా లాంటి వాటిలో ఈ రెండోది. లినియాలో ఇంకాస్త ఎక్కువ, 93 పీఎస్.

మల్టీజెట్ అంటే డీజిల్ను ఒకేసారి కొట్టకుండా ఒక్క స్ట్రోక్‌లోనే ఐదుసార్ల దాకా విడగొట్టి పంపడం. ముందు చిన్న చుక్క పడి వెలుగుతుంది, తర్వాత అసలు మోతాదు. అందుకే పాత డీజిళ్లలా దడదడలాడదు. అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం, అంటే కామన్ రైల్‌లో ప్రెషర్ 1600 బార్ వరకు వెళ్తుంది. అసలు కార్లలో కామన్ రైల్ మొదలైందే ఈ ఇంట్లో. 1997లో ఆల్ఫా రోమియో 156తో.

మన దేశంలో 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్‌తో దీనికి ఊపొచ్చింది. మారుతీ కోసం మానేసర్లో, ఫియట్-టాటాల కోసం పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారయ్యేది. 2012లో పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరుకి పాతిక రూపాయలకు పైగా తేడా ఉన్న రోజుల్లో మానేసర్ సరిపోక, ఏడాదికి లక్ష ఇంజిన్ల చొప్పున ఫియట్ దగ్గర కొనుక్కోవడానికి మారుతీ ఒప్పందం చేసుకుంది. అంటే కొన్ని బండ్లలో బ్యాడ్జి జపాన్‌ది, ఇంజిన్ నేరుగా ఫియట్ ఫ్యాక్టరీది. మీ తమ్ముడికి ఇది చూపించండి.

జనం దీన్ని జాతీయ ఇంజిన్ అనేవారు ఊరికే కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక మారుతీ డీజిల్ మానేసింది, ఫియట్ బండ్లు వెళ్లిపోయాయి. నా లినియా మాత్రం ఇంట్లోనే ఉంది, ఎవరు అడిగినా ఇవ్వను.


కిర్రుచెప్పులు
ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఎవరూ అడగలేదు కదా తమ్ముడూ.


శ్రావణమేఘం
ఆదివారం, మధ్యాహ్నం 12:31

చదివి వినిపించాను. "అయితే ఏంటి, బండి బాగుంది కదా" అన్నాడు. ఓటమి ఒప్పుకోవడం మా ఇంట్లో ఇలాగే ఉంటుంది. పుల్ల కూడా చూశాను, పై గీతకి కొంచెం కిందే ఉంది. హమ్మయ్య.


డబ్లిన్‌బుల్లోడు
ఆదివారం, సాయంత్రం 5:18

ఇక్కడ ఐర్లాండ్‌లో కూడా ఇదే ఇంజిన్, ఇదే కథ. నేను వచ్చిన కొత్తలో చవగ్గా దొరికిందని 1.3 డీజిల్ చిన్న కారు కొన్నాను. ఇక్కడ ఆయిల్ మార్చే గడువు 30,000 కిలోమీటర్లు అని పుస్తకంలో ఉంటుంది. జనం దాన్ని దాటించి కూడా తిప్పుతారు. చైన్ చప్పుడొస్తోందంటే ఈ ఊరి మెకానిక్‌లు బానెట్ ఎత్తకుండానే తల ఊపుతారు.

మీకు లేని బాధ ఒకటి మాకుంది. ఇక్కడి బండ్లలో డీపీఎఫ్ ఉంటుంది, పొగలో మసి పట్టే ఫిల్టరు. అది నిండితే ఇంజిన్ అదనంగా డీజిల్ కొట్టి ఆ మసిని కాల్చేస్తుంది. ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లే తిరిగితే కాలడం మధ్యలోనే ఆగిపోయి ఆ డీజిల్ వెళ్లి ఆయిల్లో కలుస్తుంది. కాబట్టి నా పుల్ల మీద ఆయిల్ తగ్గేది కాదు, పెరిగేది! పెరిగితే మంచిదే కదా అని మొదట్లో సంబరపడ్డాను. డీజిల్ కలిసిన ఆయిల్ నీళ్లలా పలచబడుతుంది, చైన్‌కి అదీ చేటే. మన బీఎస్-4 కాలం 75 హార్స్ పవర్ బండ్లలో ఈ ఫిల్టరు లేదు, అది మీ అదృష్టం.


గోదారిగట్టు
మంగళవారం, రాత్రి 9:05

అప్‌డేట్. ఆదివారం 5డబ్ల్యూ-30 తెచ్చి పోశాను, పై గీత దాకా రావడానికి లీటరుంపావు పట్టింది. సోమవారం పొద్దున గలగల ఒక్క సెకనుకి తగ్గింది, పూర్తిగా పోలేదు. తర్వాత పాతదంతా వంచేసి ఫిల్టరు మార్పించాను. కార్ట్రిడ్జ్ తీసినప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. కాగితం మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి, తడిసిన పుస్తకంలా ఉంది. మూత రబ్బరు రింగు కూడా కొత్తది వేయించాను.

ఇప్పుడు పికప్ సంగతి. ఈసారి వేరే షెడ్డుకి వెళ్లాను, పాతికేళ్ల కుర్రాడు. ముందు స్కానర్ పెట్టాడు. రెండు కోడ్‌లు: పీ0299, పీ0401. మొదటిది టర్బో ప్రెషర్ చాలడం లేదని, రెండోది ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజిన్లోకి పంపే వాల్వు) ప్రవాహం చాలడం లేదని. కొత్త టర్బో వేయాలా అన్నాను. "ముందు పైపులు చూద్దాం సార్, అవి ఫ్రీ" అన్నాడు. ఆ మాటకే సగం టెన్షన్ పోయింది.

టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే రబ్బరు పైపు బయటికి బాగానే కనపడుతోంది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి నన్ను రేజ్ చేయమని తను చెయ్యి పెట్టాడు. "ఇదిగో" అని నా చెయ్యి లాగి పెట్టించాడు. క్లిప్పుకి కాస్త పక్కన, కింది వైపు, అరవేలు పొడుగున చీలిక. ఐడిల్‌లో పెదవులు మూసుకున్నట్టు మూసుకుని ఉంది. రేజ్ చేస్తే తెరుచుకుని గాలి అరచేతికి ఫూ అని కొడుతోంది. ఆయిల్ తగిలి తగిలి అక్కడ రబ్బరు ఉబ్బి మెత్తబడింది.

అది కూడా టర్బో ఆయిలేనా, టర్బో పాడైనట్టేనా?


షెడ్డుమాస్టారు
మంగళవారం, రాత్రి 9:50

ఆ కుర్రాడి నంబరు దాచుకోండి.

పైపులో పలచగా ఆయిల్ తడి ఉండటం మామూలే. ఇంజిన్ లోపలి ఆవిరి బ్రీదర్ పైపు ద్వారా టర్బోకి ముందే గాలిలో కలుస్తుంది, ఆ ఆయిల్ తుంపరే పైపులకి పడుతుంది. గిన్నె పెట్టి పట్టేంత కారుతుంటేనే టర్బో మీద అనుమానం. షాఫ్టు పట్టుకుని చూడమనండి. అటూ ఇటూ కాస్త ఊగితే ఫర్వాలేదు, లోపలికీ బయటికీ జరిగితే మాత్రం పని అయిపోయినట్టే.

నల్ల పొగ ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. గాలి ఎంత వస్తోందో కొలిచే సెన్సారు టర్బోకి ముందుంది. అది కొలిచిన గాలికి తగ్గట్టు ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, డీజిల్ కొట్టిస్తోంది. కానీ ఆ గాలిలో కొంత మీ చీలిక నుంచి బయటికి పోతోంది. డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. మిగిలింది పొగ. ఊళ్లో మామూలుగా తిరిగితే టర్బో పెద్దగా ఊదదు కాబట్టి చీలిక తెరుచుకోదు. ఐదుగురితో ఘాట్ ఎక్కితేనే బయటపడింది. అసలే ఈ 75 రకం 1,800 ఆర్‌పీఎం లోపు నీరసంగా ఉంటుంది, దానికి ఈ లీకు తోడైంది.


ఓరుగల్లు
మంగళవారం, రాత్రి 10:30

అన్నా, ఈజీఆర్ కోడ్ వచ్చింది కాబట్టి ఆ వాల్వు విప్పించు. మాది కూడా సేమ్. విప్పితే లోపల దారి మూడొంతులు పూడుకుపోయి ఉంది, కుంపటి గొట్టంలా. మసి పొడిగా ఉండదు, బ్రీదర్ ఆయిల్‌తో కలిసి తారులాగ గట్టిపడుతుంది. స్క్రూడ్రైవర్తో గీకి, క్లీనర్ స్ప్రే కొట్టి, బ్రష్‌తో తోమితే పోయింది. చాలామంది అక్కడ రేకు ముక్క పెట్టి మూసేస్తున్నరు, పికప్ పెరుగుతదని. చేయించమంటవా?


షెడ్డుమాస్టారు
మంగళవారం, రాత్రి 10:41

వద్దు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికే అది పెట్టింది, మూసేస్తే ఆ విషం రోడ్డు మీదికే పోతుంది. పైగా లైటు మళ్లీ వెలుగుతుంది, ఆ లైటు ఆర్పడానికి ఎవడో సాఫ్ట్‌వేర్ మారుస్తానంటాడు, కథ పెరుగుతుంది. 60,000కోసారి శుభ్రం చేయిస్తే చాలు. హైవే మీద అప్పుడప్పుడు 3,000 ఆర్‌పీఎంలో కాసేపు నడపండి, టౌన్లోనే నెమ్మదిగా తిప్పితే ఏ డీజిల్‌కైనా గొంతు పూడుతుంది.


ఓరుగల్లు
మంగళవారం, రాత్రి 10:58

సరే మాస్టారూ, మీరు వద్దంటే వద్దు. ఇంకో రెండు ముక్కలు రాసి పడుకుంట. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు ఉంటయ్, అవి పాతబడితే చుక్ చుక్ అని రైలింజన్ లెక్క సౌండ్, ఇంజెక్టర్ చుట్టూ నల్లటి బొగ్గు పేరుకుంటది. తొందరగా చూసుకుంటే వాషర్ల ఖర్చే. ఆలస్యం చేస్తే ఇంజెక్టర్ ఆ బొగ్గులో అతుక్కుపోయి, పీకడానికి ప్రాణం పోతది. డీజిల్ ఫిల్టర్లో నీళ్లు కూడా వర్షాకాలం తీయించాలె. 1600 బార్ల పంపుకి నీటి చుక్క పడదు.


అనంతయాత్ర
బుధవారం, ఉదయం 6:20

రాగి వాషర్ల మాటకి వంద లైకులు. మా వాడొకడు ఆ చుక్ చుక్‌ని సైలెన్సర్ లీకనుకుని రెండు నెలలు తిప్పాడు.


గోదారిగట్టు
ఆ తర్వాతి సోమవారం, రాత్రి 8:30

పైపు కొత్తది వేయించి, ఈజీఆర్ శుభ్రం చేయించాను. షాఫ్టు బాగానే ఉంది, టర్బో మార్చక్కర్లేదని తేలింది. పైపుకీ పనికీ కలిపి 38 వేలలో పదో వంతు కూడా కాలేదు. ఆదివారం మళ్లీ మారేడుమిల్లి వెళ్లాను, పంతానికి. ఈసారి రెండో గేర్లో 2,000 దాటగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు లాగింది. వెదురు లారీ కనపడలేదు, అదొక్కటే లోటు.

కానీ పొద్దున ఆ ఒక్క సెకను గలగల మాత్రం అలాగే ఉంది. చైన్ మార్పించమంటారా, ఇంకొన్నాళ్లు చూడనా?


షెడ్డుమాస్టారు
సోమవారం, రాత్రి 9:10

మార్పించండి. ముందున్న ఓనరు ఎలా తిప్పాడో మీకు తెలియదు, మీరెలా తిప్పారో మనకి తెలుసు. చైన్ ఒక్కటే కాదు, టెన్షనర్, రెండు గైడులు, పళ్ల చక్రాలు మొత్తం కిట్టు. పని చేసేవాడి దగ్గర క్యామ్‌లని కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు ఉన్నాయా అని ముందే అడగండి. గుర్తుకి పెయింటు చుక్క పెట్టి చేస్తానంటే అక్కడినుంచి వచ్చేయండి. సంపు కూడా విప్పుతారు కదా, లోపల ఆయిల్ పీల్చే జల్లెడ కడిగించడం మర్చిపోకండి.


గోదారిగట్టు
పదకొండు రోజుల తర్వాత, శుక్రవారం రాత్రి 10:05

అయిపోయింది. ఆ కుర్రాడి దగ్గర పిన్నులు లేవు, లేవని తనే చెప్పి, విజయవాడ నుంచి ఫ్రెండు దగ్గర తెప్పించాడు. రెండు రోజులు పట్టింది.

పాత చైన్, కొత్త చైన్ రెండూ షెడ్డు గోడకున్న ఒకే మేకుకి పక్కపక్కన వేలాడదీశాడు. పైన సమానం. కింద చూస్తే పాతది దాదాపు చిటికెన వేలి గోరంత కిందికి దిగి ఉంది. అడ్డంగా పట్టుకుంటే కొత్తది నిటారుగా నిలిచింది, పాతది వాడిపోయిన కాడలా వంగింది. గైడు మీద ప్లాస్టిక్‌లో చైన్ రెండు గాడులు చేసింది, గోరు దూరేంత లోతు. సంపు జల్లెడలో ఆ ప్లాస్టిక్ పొట్టే గోధుమరంగు నలుసుల్లా కనపడింది. ఆ జల్లెడ ఇంకొంచెం పూడి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "అడక్కండి సార్" అన్నాడు.

ఈ రోజు పొద్దున సెల్ఫ్ కొట్టాను. ఏ చప్పుడూ లేదు. అనుమానమొచ్చి ఆపి, అరగంట ఆగి మళ్లీ కొట్టాను. లోపలి నుంచి మా ఆవిడ "బండి పాడైందా, చప్పుడు రావట్లేదు" అంది.

పాత చైన్ ఇంటికి తెచ్చుకున్నాను. మా అత్తగారు దాన్ని చూసి తులసికోట దగ్గర కుండీ వేలాడదీయడానికి అడిగారు, ఇచ్చేశాను.


కిర్రుచెప్పులు
శుక్రవారం, రాత్రి 10:12

ఆవిడ కోసమైనా ఇంకో చైన్ అరగదీయండి సార్. కుండీకి రెండు వైపులా కావాలి.


కొత్తడ్రైవరు
రెండు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 7:50

నమస్కారం అన్నలూ. నాది 2011 మోడల్ 1.3 డీజిల్, సెకండ్ హ్యాండ్, పోయిన నెలే తీసుకున్నాను. పొద్దున స్టార్ట్ చేస్తే రెండు సెకన్లు గలగలమంటోంది. మా మెకానిక్ టప్పెట్ సెట్టింగ్ అంటున్నాడు. ఎంతవుతుంది?


గోదారిగట్టు
ఆదివారం, ఉదయం 7:58

తమ్ముడూ, బండి స్టార్ట్ చేయొద్దు. వెళ్లి గేజి పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడు. ఎక్కడిదాకా ఉందో ఇక్కడ రాయి. నేను ఆన్‌లైన్లోనే ఉన్నా.